అలుగు లేని మైదానం

(ఆగస్టు 9 ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

నల్లమల పెంటల నుంచి తెల్లారకముందే బయలుదేరిన చెంచు పిల్లలకు, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ తండాల నుంచి, ఎరుకల వాడల నుంచి వచ్చిన అందరికీ పేరుపేరునా దండాలు.

ఏటా ఈ రోజున మనం భాష గురించి, అడవి గురించి, పండుగల గురించి, పోడు పట్టాల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి మేం ఫుట్‌బాల్ మైదానంలో నిలిచే నీళ్ల గురించి మాట్లాడతామంటే కమిటీలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. "సంస్కృతి సభలో మోరీ సంగతి ఎందుకన్నా?" అని అడిగారు. ఎందుకో వింటే మీకే తెలుస్తుంది.

ఇక్కడున్న పిల్లల్లో బంతి తన్నేవాళ్లు చేతులెత్తండి అంటే సగం చేతులు లేస్తాయి. వాన పడి మ్యాచ్ వాయిదా పడ్డవాళ్లు ఎంతమంది అంటే దించిన చేతులు కూడా మళ్లీ లేస్తాయి. మనది కరువు జిల్లా. వలసలకు పేరుపడ్డ పాలమూరు. తెలంగాణలో వాన తక్కువ పడే ప్రాంతాల్లో గద్వాల ఒకటి. అట్లాంటి చోట మ్యాచులు నీళ్ల వల్ల ఆగిపోతున్నాయంటే బయటివాళ్లు నమ్మరు. కానీ మన వాన ఏడాదంతా పడదు. నాలుగైదు దెబ్బల్లో దంచికొట్టి పోతుంది. ఆ నాలుగైదు దెబ్బలూ పడేది సరిగ్గా మన టోర్నమెంట్లు జరిగే రోజుల్లోనే.

అదెందుకంటే, ఎండాకాలం మన దగ్గర మధ్యాహ్నం మైదానంలో కాలు పెట్టలేం. మార్చి, ఏప్రిల్‌లలో పరీక్షలు. ఇక మిగిలింది వానాకాలం. పాఠశాలల క్రీడలకు మండల, జిల్లా స్థాయి ఎంపికలు ఎక్కువగా ఆగస్టు నుంచి అక్టోబరు దాకానే నడుస్తాయి. మన ఆగస్టు 9 ఆటలు, ఆగస్టు 15 ఆటలు సరేసరి. దేశంలో కూడా అంతే. 1888లో సిమ్లాలో మొదలైన డ్యూరాండ్ కప్‌ను ఈమధ్య వానాకాలంలోనే ఆడుతున్నారు. కలకత్తాలో ఫుట్‌బాల్ మొదటి నుంచీ వానాకాలపు ఆటే. 1911లో మోహన్ బగాన్ జట్టు ఒక్కరు తప్ప అందరూ ఉత్త కాళ్లతో ఆడి ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను ఓడించింది జులై 29న. అంటే వానను తప్పించుకుని ఫుట్‌బాల్ ఆడడం మన దేశంలో కుదిరే పని కాదు. వాన కురిసినా ఆడగలిగే మైదానం ఉందా లేదా అన్నదే లెక్క.

వాయిదా అంటే చిన్న మాట. మైకులో రెండు ముక్కల్లో చెప్పేస్తారు. ఆ రెండు ముక్కలు ఎవరి మీద ఎట్లా పడతాయో ఒక సంగతి చెప్తాం. ఊరు పేరు, పెట్టినవాళ్ల పేర్లు వద్దు. వాళ్లు చెడ్డవాళ్లేం కాదు, చందాలు వేసుకుని ఆట పెట్టినవాళ్లే.

మన తండాల నుంచి డిగ్రీ చదివే అమ్మాయిల జట్టు ఒకటి పోయింది. 14 మంది. రెండు ఆటోలు మాట్లాడుకున్నారు. రాత్రి వాన పడింది. పొద్దున పోయేసరికి ఒక గోల్ ముందర మోకాలి కింద దాకా నీళ్లు. పదకొండు దాకా చూశారు. నీళ్లు కదల్లేదు. మ్యాచ్ బుధవారానికి వాయిదా అన్నారు. ఆ ఊరి జట్టుకు ఏం ఫరక్ పడలేదు, ఇంటికి పోయి అన్నం తిని పడుకున్నారు. మన పిల్లలు ఆటో కిరాయి ఇచ్చి వెనక్కి వచ్చారు. బుధవారం మళ్లీ కిరాయి కావాలి. అప్పటికి సీడ్ పత్తిలో క్రాసింగ్ పనులు మొదలైనయి. గద్వాల వైపు వాళ్లకు ఆ పని సంగతి చెప్పక్కర్లేదు. సాయంత్రం మొగ్గ విప్పాలి, మరునాడు పొద్దున పుప్పొడి అద్దాలి. పువ్వు ఆట కోసం ఆగదు, కూలీ పోతే తిరిగి రాదు. ఇద్దరిని ఆ పని ఆపింది. ముగ్గురికి ఇంట్లో ఒక్క రోజుకే ఒప్పుకున్నారు, రెండోసారి పంపలేదు. ఒక పిల్లకు జ్వరం. ఇద్దరు హాస్టల్లో సెలవు దొరకక ఆగిపోయారు. పోయింది ఆరుగురు.

ఫుట్‌బాల్ నిబంధన మీకు తెలుసు. ఏడుగురు లేకుంటే మ్యాచ్ మొదలు పెట్టడానికే లేదు. వాకోవర్ ఇచ్చేశారు. ఫలితాల కాగితంలో మన జట్టు ఎదురుగా 'హాజరు కాలేదు' అని రాశారు. ఆ మాట అబద్ధం కాదు. కానీ ఆదివారం 14 మంది హాజరైన సంగతి ఏ కాగితంలోనూ లేదు.

వాన అందరి మీదా ఒక్కతీరే పడుతుంది. వాయిదా మాత్రం అట్ల పడదు. మైదానం పక్కన ఇల్లున్నవాడికి అది విశ్రాంతి. అమ్రాబాద్ అవతలి పెంట నుంచి వచ్చినవాడికి అది టోర్నమెంటే పోవడం. టోర్నమెంటు పోతే సర్టిఫికెట్ పోతుంది, సర్టిఫికెట్ పోతే స్పోర్ట్స్ కోటా పోతుంది. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్ దాకా పోయింది, భారత జట్టుకు ఆడింది. ఆ అమ్మాయి మన అమ్మాయి అని అందరం ఫోన్లలో ఫొటోలు పెట్టుకున్నాం. మంచిదే. కానీ ఎంపిక రోజున మైదానంలో నీళ్లు నిలిచి ఇంటి దారి పట్టిన సౌమ్యలు మన మూడు జిల్లాల్లో ఎంతమందో మనం ఎన్నడూ లెక్కపెట్టలేదు.

ఇది ఒక్క మన బాధే అనుకోకండి. పెద్ద పెద్ద దేశాల్లో కూడా నీళ్లు ఆటను ఆపినయి. 1974 ప్రపంచ కప్, జులై 3, ఫ్రాంక్‌ఫర్ట్. పశ్చిమ జర్మనీకీ పోలండ్‌కూ మ్యాచ్. గెలిచినవాళ్లు ఫైనల్‌కు పోతారు, జర్మనీకి డ్రా అయినా చాలు. అంతలో కుండపోత. అగ్నిమాపక దళం వాళ్లు పంపులు పెట్టి తోడారు, రోలర్లతో నీళ్లు బయటికి తోశారు. అర్ధగంట ఆలస్యంగా మొదలుపెట్టారు. బంతి దొర్లడం లేదు, తన్నిన చోటే ఆగిపోతోంది. పోలండ్ బలం రెండు పక్కల నుంచి ఉరికే ఆటగాళ్లు. బురదలో ఉరకడం ఎక్కడిది? 76వ నిమిషంలో గెర్డ్ ముల్లర్ ఒక్క గోల్ కొట్టాడు, జర్మనీ గెలిచింది, తర్వాత కప్పు కూడా గెలిచింది. మైదానం పొడిగా ఉంటే ఏమయ్యేదో అని పోలండ్ వాళ్లు ఇప్పటికీ అంటుంటారు.

ఈ ముచ్చట మనకెందుకంటే, మన పిల్లల బలం కూడా ఉరుకుడే. గట్లెక్కి దిగిన కాళ్లు. నీళ్లు నిలిచిన మైదానం ముందుగా గుంజుకునేది ఆ వేగాన్నే. మన హైదరాబాద్ ఆట కూడా అంతే. సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు, తర్వాత దేశానికి నేర్పింది బంతిని నేల మీద పెట్టి చిన్న చిన్న పాసులతో పోవడం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం ఆ ఆటతోనే వచ్చినయి. నీళ్లలో పాస్ ఇస్తే బంతి మధ్యలోనే కూర్చుంటుంది. అప్పుడు ఎవడు గట్టిగా తంతే వాడిదే ఆట.

2012లో ఒకే ఏడాది రెండు మ్యాచులు జరిగాయి. పక్కపక్కన పెట్టి చూడండి. జూన్ 15న యూరో కప్‌లో ఉక్రెయిన్, ఫ్రాన్స్ దోనెత్స్క్‌లో ఆడుతున్నాయి. మొదలైన ఐదు నిమిషాలకే పిడుగులు, గాలివాన. రెఫరీ ఆపి అందరినీ లోపలికి పంపాడు. దాదాపు గంట తర్వాత మళ్లీ మొదలుపెట్టి అదే రాత్రి పూర్తి చేశారు. మైదానం ఆ నీళ్లన్నీ మింగేసింది. అదే ఏడాది అక్టోబరు 16న వార్సాలో పోలండ్, ఇంగ్లండ్ మ్యాచ్. 50 వేలకు పైగా జనం పట్టే కొత్త స్టేడియం, మూసుకునే పైకప్పు కూడా ఉంది. కప్పు తెరిచే ఉంచారు, వాన పడ్డాక మూయడానికి వీల్లేకపోయింది. రెఫరీ బంతి వేసి చూశాడు, అది ఎగరలేదు, దొర్లలేదు. మ్యాచ్ మరునాటికి వాయిదా. రెండు చోట్లా వాన గట్టిగానే పడింది. ఒక చోట నీళ్లు పోయాయి, ఇంకో చోట నిలిచాయి.

ఇంకొకటి దగ్గరిది. 2015 డిసెంబరులో చెన్నైకి వరదలు వచ్చినప్పుడు ఇండియన్ సూపర్ లీగ్‌లో చెన్నైయిన్ జట్టు తన సొంత ఊళ్లో ఆడాల్సిన సెమీఫైనల్‌ను పుణెకు మార్చారు. అక్కడ కోల్‌కతా మీద 3-0తో గెలిచి, చివరికి కప్పు కొట్టారు. వాళ్లకు ఇంకో రాష్ట్రంలో ఇంకో స్టేడియం దొరికింది. మనకు బుధవారం నాడు ఇంకో ఆటో దొరకలేదు.

సరే, నీళ్లు ఎందుకు నిలుస్తాయి? ఇక్కడ కొంచెం లెక్క చూడాలి. 100 మీటర్ల పొడవు, 64 మీటర్ల వెడల్పు ఉన్న మైదానం అంటే 6,400 చదరపు మీటర్లు. దాని మీద రెండున్నర సెంటీమీటర్ల వాన పడితే 1,60,000 లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు 32. ఈ నీళ్లు బకెట్లతో తోడేద్దామని పిల్లలు దిగుతారు, చూశాం. పదిహేను లీటర్ల బకెట్‌తో 10 వేలకు పైగా సార్లు ఎత్తిపోయాలి. వాన పడ్డాక చేసే పని కాదు ఇది.

నేల సంగతి మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. నడిగడ్డలో, అలంపూర్ వైపు నల్లరేగడి. అది నీళ్లు తాగితే ఉబ్బి, పగుళ్లు మూసుకుని, పైన నీళ్లను కిందికి పోనివ్వదు. ఎండితే చెయ్యి దూరేంత పగులుతుంది, అప్పుడు కాలి మడమ విరుగుతుంది. వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు చాలా చోట్ల ఎర్ర చెలక. అది నీళ్లను తొందరగా ఇంకించుకుంటుంది. మరి ఎర్రనేల మైదానాల్లో కూడా ఎందుకు నిలుస్తున్నయి? తొక్కి తొక్కి బండ చేశాం గనక. ఊళ్లో సభ పెడితే ఆ మైదానంలోనే. లారీలు, జేసీబీలు, టెంటు గుంజలు, పెళ్లి బండ్లు, వడ్లు ఆరబోయడం, అన్నీ అక్కడే. తడిసిన నేల మీద ఒక లారీ తిరిగితే ఆ మట్టి లోపల గాలి, నీళ్లు పోయే సందులన్నీ అణిగిపోతాయి. వారం తర్వాత చూస్తే టైరు జాడల్లో మాత్రమే నీళ్లు నిలిచి కనబడతాయి.

ఇంకో కారణం ఎవరి కంటికీ ఆనదు. రోడ్డు. బడి ముందర సీసీ రోడ్డు వేస్తారు. కొన్నేళ్లకు దాని మీదే ఇంకో పొర. పక్కన ఇళ్లు కట్టేవాళ్లు రోడ్డు కంటే ఎత్తుగా బేస్‌మెంట్ లేపుతారు. చుట్టూ అంతా లేస్తుంది, మైదానం మాత్రం తాతల నాటి ఎత్తులోనే ఉండిపోతుంది. చివరికి అది గిన్నె. వీధి నీళ్లన్నీ దానిలోకే. దానికి తోడు ప్రహరీ కట్టి, గోడకు కింద ఒక్క తూము కూడా పెట్టరు. గిన్నెకు అంచు కట్టినట్టు.

మీరంతా చెరువుల నేల మీద పుట్టినవాళ్లు. వనపర్తి సంస్థానం చెరువులను సముద్రాలని పిలుచుకున్న చోటు. శ్రీరంగాపురం రంగసముద్రం మీలో చాలామంది చూసే ఉంటారు. నాగర్‌కర్నూల్ పట్నంలో కేసరి సముద్రం ఉంది. చెరువు ఎంత పెద్దదైనా దానికి అలుగు లేకుండా ఎవరూ కట్టలేదు. నిండిన నీళ్లు అలుగు దుమికి వాగులో పడాలి, వాగు పోయి కింది చెరువులో కలవాలి. గొలుసుకట్టు అంటే అదే. నీళ్లు నిలవాలని కట్టే చెరువుకే మన పెద్దలు పోయే దారి పెట్టారు. నీళ్లు అస్సలు నిలవకూడని మైదానానికి మనం దారి పెట్టలేదు.

ఈ పని చేతగానివాళ్లమా మనం? పాలమూరు కూలీ అంటే దేశమంతా తెలుసు. ఎక్కడ డ్యామ్ కట్టినా, కాలువ తవ్వినా గుంపు మేస్త్రీ వెంట బయలుదేరి పోయింది మన తాతలు, నానమ్మలు. చంటిపిల్లలను చెట్టుకు ఉయ్యాల కట్టి మట్టి తట్టలు మోశారు. ఎన్నో రాష్ట్రాల్లో నీళ్లకు దారి చూపిన చేతులు అవి. సంస్కృతి సభలో మోరీ సంగతి ఎందుకని అడిగిన తమ్ముడికి మా జవాబు ఇదే. డప్పు, లంబాడీ నృత్యం, అడవి తేనె మన సంస్కృతే. పార పట్టి, వాలు చూసి, నీళ్లను నడిపించడం కూడా మనదే. మొదటివాటికి వేదిక ఇచ్చారు, రెండోదానికి కూలీ ఇచ్చి పంపించారు.

ఇంక పని సంగతికి వద్దాం. మైదానం పూర్తిగా సాపుగా ఉండాలని చాలామంది అనుకుంటారు. అద్దంలా ఉంటే నీళ్లు కదలవు. మధ్యలో కొంచెం ఎత్తు, రెండు పక్కలకు వాలు ఉండాలి. నూటికి ఒకటి వాలు అంటే, మధ్య నుంచి టచ్‌లైన్ దాకా 32 మీటర్లకు 32 సెంటీమీటర్లు. జానెడున్నర కూడా లేదు. ఆడేవాడికి తెలియదు, నీళ్లకు తెలుస్తుంది. గీత బయట మూడు మీటర్లు వదిలి చుట్టూ కాలువ తవ్వాలి. అది లోతుగా నోరు తెరుచుకుని ఉండకూడదు, బంతి కోసం ఉరికినవాడి కాలు అందులో పడుతుంది. తవ్వి, కంకర నింపి, పైన దొడ్డు ఇసుక పోయాలి. ఆ కాలువ అన్నిటికంటే పల్లమైన మూలకు చేరాలి, అక్కడ గోడకు తూము పెట్టి ఒర్రెకో వాగుకో కలపాలి. అదే మన అలుగు. వాలు చూడడానికి ఇంజనీరే రానక్కర్లేదు, మేస్త్రీలు వాడే నీళ్ల పైపు చాలు. ఎర్రనేలలో ఆ మూలన ఇంకుడు గుంత తవ్వినా పని చేస్తుంది. నల్లరేగడిలో ఇంకుడు గుంత మీద ఆశ పెట్టుకోకండి, అక్కడ నీళ్లు బయటికి పోవాల్సిందే. ముందుగా చేయాల్సిన పని ఇంకొకటుంది. వీధి నీళ్లు లోపలికి రాకుండా ఎగువ పక్కన చిన్న కట్ట వేయాలి. సగం జబ్బు దానితోనే పోతుంది.

చేయకూడనివి కూడా విన్నపం చేస్తాం. తడి నేల మీద రోలర్ తిప్పకండి, అది పైకి నున్నగా చేసి లోపల బండ చేస్తుంది. నీళ్ల మీద ఇసుకో ఊకో కుమ్మరిస్తే ఆ పూటకు కాలు జారదేమో గాని, నీళ్లు ఎక్కడికీ పోవు. ఆ చెత్త కాలువలోకి పోయి దాన్నీ మూస్తుంది. నీళ్లలో నిలబడి కరెంటు మోటారు వైరు పట్టుకోకండి. ఒక మ్యాచ్ పోతే పోనీ. ఉరుము వినబడితే ఆట ఆపి లోపలికి పోండి, చెట్టు కిందికి మాత్రం పోవద్దు, చివరి ఉరుము తర్వాత అర్ధగంట ఆగండి. మన దిక్కు పత్తి చేన్లలో పిడుగు పడి ఎంతమంది పోతున్నారో ఏటా వింటూనే ఉన్నాం.

అన్నీ చేసినా కొన్ని రోజులు ఆడలేం. 2009 అక్టోబరులో తుంగభద్ర, కృష్ణ పొంగి అలంపూర్, రాజోలి మునిగిన రోజుల్లో మైదానం గురించి ఎవరు మాట్లాడతారు? అట్లాంటి రోజు వాయిదా వేయాల్సిందే. కానీ వాయిదా వేసే పద్ధతి ఒకటుంది. మధ్యలో ఆగిపోయిన మ్యాచ్‌ను మళ్లీ ఆడించాలని ఫుట్‌బాల్ నిబంధనలు చెప్తాయి, టోర్నమెంటు నియమాలు వేరే ఏమైనా చెప్తే తప్ప. ఆ 'తప్ప' అన్న మాటలోనే అంతా ఉంది. నియమాల కాగితం ఎంట్రీ ఫీజు కట్టే రోజే అడిగి తీసుకోండి. వాన పడితే ఏ రోజు ఆడతారు, దూరం నుంచి వచ్చే జట్టుకు రెండోసారి కిరాయి ఎవరిస్తారు, ఎంత ముందుగా ఫోన్ చేస్తారు, పొద్దున ఆరింటికే మైదానం చూసి చెప్పేది ఎవరు, ఈ నాలుగూ రాసి ఉండాలి. లేకపోతే అడగండి. మర్యాదగా అడగండి, కానీ అడగండి. మనమే పెట్టే టోర్నమెంట్లలో మనమే ముందు రాసి పెట్టాలి. ఈ ఏటి నుంచి మన సంఘం ఆటల్లో దూరపు జట్ల మ్యాచులు ముందు ఆడిస్తాం, వాయిదా పడితే రెండోసారి కిరాయి సంఘం ఇస్తుంది. చందా పుస్తకంలో దానికి వేరే పేజీ తెరిచాం.

మీ ఊళ్లో క్రీడా ప్రాంగణం ఉంటే, వానలో గొడుగు పట్టుకుని ఒక్కసారి పోయి చూడండి. ఎండాకాలంలో చూస్తే ఏ మైదానమైనా బాగానే ఉంటుంది. నీళ్లు ఎటు నుంచి వస్తున్నయి, ఎక్కడ నిలుస్తున్నయి, ఫోన్‌లో ఫొటో తీయండి. నిబంధనల ప్రకారం అతి చిన్న ఫుట్‌బాల్ మైదానం 90 మీటర్లు, 45 మీటర్లు. లెక్కేస్తే దాదాపు ఒక ఎకరం. ఎకరం జాగా ఉన్న ఊరికి మైదానం ఉన్నట్టే. ఆ ఫొటోలు పట్టుకుని గ్రామసభలో కూర్చోండి. ఉపాధి పనుల కింద కాలువ, మట్టి పని అడగొచ్చు. నోటి మాటగా కాదు, తీర్మానం పుస్తకంలో ఎక్కేదాకా లేవకండి. సభకు అమ్మాయిలను ముందు వరసలో కూర్చోబెట్టండి, ఆ ఆరుగురిలో నలుగురు ఇక్కడే ఉన్నారు, వాళ్లు మాకంటే బాగా చెప్తారు.

ఈ ఆదివారం పొద్దున ఏడింటికి మనం ఆడే మైదానం దగ్గర కలుద్దాం. తూర్పు గోల్ వెనక మూల పల్లం, అక్కడి నుంచి ఒర్రె దాకా 40 మీటర్లు తవ్వాలి. గోడకు తూము పెట్టడానికి బడి పెద్దసారు ఒప్పుకున్నారు. రెండు సిమెంటు పైపులు వచ్చి పడి ఉన్నయి. మేస్త్రీ తాత ఒకాయన నీళ్ల పైపు తెస్తానన్నాడు, తొంభై దగ్గర పడ్డా కన్ను బాగానే ఉంది. గడ్డపారలు సంఘం దగ్గర ఆరున్నయి, పారలు తక్కువ. ఇంట్లో ఉన్నవాళ్లు తెచ్చుకోండి. అమ్మాయిలకు ఆటో పంపిస్తాం, ఎన్ని కావాలో ఇప్పుడే ఈ కాగితంలో పేర్లు రాయండి. వాన పడితే? పడనివ్వండి, నీళ్లు ఎటు పోతున్నయో ఇంకా బాగా కనబడుతుంది.